ముందుచూపుగారి సాక్ష్యం

పెట్రోలు బంకు యజమానిని ఊళ్ళో అందరూ 'ముందుచూపు' అనే పిలుస్తారు. వెక్కిరింపుకి పెట్టిన పేరే. ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోసుకు తిరిగేవాడు. యుద్ధం వస్తుందన్న పుకారు చెవిన పడగానే భూమిలోని ట్యాంకు మూతదాకా డీజిల్ నింపించాడు. ఎక్కడో తొలి బాంబు పడిందో లేదో, నిచ్చెనెక్కి బోర్డు మీద ధర మార్చేశాడు. బాంబుకీ నీ ట్యాంకులో ఉన్నదానికీ ఏమిటయ్యా సంబంధం అని నిలదీస్తే, "అంతర్జాతీయ పరిస్థితండీ, మన చేతుల్లో ఏముంది?" అనేవాడు.

ఆ పరిస్థితి దెబ్బ సొంత చెల్లెలికే తగిలింది. ఆవిడ పాత వ్యానులో డయాలసిస్ రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తుంది.

"అన్నయ్యా, ఈ ధరకైతే బండి ఆపెయ్యాల్సిందే. వాళ్ళ గతేమిటి?"

"నీకొక్కదానికీ తగ్గిస్తాలేవే."

"నాకొక్కదానికేనా? నా వెనకాల నిలబడ్డ ఆటోవాడి మొహం ఎలా చూడను?" అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ తరవాత మాటల్లేవు. ముందుచూపుకి ముద్ద దిగడం మానేసింది. ధర మాత్రం దించలేదు, మహానుభావుడు!

ఇంతలో కొత్త బిల్లొకటి చర్చకొచ్చింది. యుద్ధకాలంలో పాత ధరకి కొన్న ఇంధనాన్ని కొత్త ధరకి అమ్మితే లైసెన్సు రద్దు. జనం మాట వినడానికి చట్టసభ కమిటీ టౌన్‌హాల్లో కూర్చుంది. బంకుల సంఘం తరఫున ముందుచూపునే పంపారు. నోరున్నవాడు కదా.

"ఏ రోజు సరుకు ఆ రోజు కొని అమ్ముకునేవాళ్ళం తల్లీ. మా దగ్గర పాత నిల్వలెక్కడివి?" అని నేర్పిన పాఠం బాగానే ఒప్పజెప్పాడు. కమిటీ పెద్దావిడ జాలిపడింది.

"పాపం, యుద్ధం వస్తుందని మీలో ఎవరికీ తెలియలేదన్నమాట."

అక్కడ గుచ్చుకుంది మనవాడికి.

"ఎవరికీ ఏమిటమ్మా! వీళ్ళ సంగతి నాకు తెలీదు. నేను ముందే పసిగట్టాను. మూతదాకా నింపించాను, పాత ధరకే!"

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "ఆ మాట రాసుకోండి" అంది పెద్దావిడ. వెనక వరసలో రోగుల మధ్య కూర్చున్న చెల్లెలు మాత్రం నవ్వలేదు, తలొంచుకుంది. దానికి నా వల్ల తలొంపులు వచ్చాయే అని ఆయన ప్రాణం ఉసూరుమంది. బిల్లుని ఓడించడానికి వచ్చి ఇంత చక్కగా గెలిపించే మొనగాడు తను తప్ప ఇంకెవడుంటాడు అనుకుంటూ మెట్లు దిగాడు.

తిన్నగా వెళ్ళి నిచ్చెనెక్కి బోర్డు మీద పాత ధర పెట్టాడు. కబురు గుప్పుమంది. మర్నాడు తెల్లారేసరికి బంకు ముందు జాతర. అందులో సగం డ్రమ్ములు పక్క బంకులవాళ్ళవి. ఇక్కడ చవగ్గా కొని అక్కడ కొత్త ధరకి అమ్ముకోవడానికి! రోగుల్ని ఆసుపత్రిలో దింపి, అన్నయ్య మారాడని సంబరంగా చెల్లెలు వచ్చేసరికి పంపులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక్కడే దించితే జరిగేదేమిటో బిల్లు రాసినవాళ్ళకి తట్టింది. తట్టనిది ముందుచూపుకే.

"ఇప్పుడెలా అన్నయ్యా? వాళ్ళని మళ్ళీ ఇళ్ళకి చేర్చాలి" అంది.

ఆయన రబ్బరు గొట్టం తెచ్చాడు. ఒక కొస తన జీపు ట్యాంకులో దూర్చి, రెండో కొస నోట పెట్టుకుని గట్టిగా పీల్చాడు. నోటినిండా డీజిల్. దగ్గుతూ, ఉమ్ముతూ, కళ్ళు ఎర్రబడి, ఆ కొస వ్యాను ట్యాంకులో పెట్టాడు.

"ఎంతివ్వాలి?" అంది చెల్లెలు.

నోరు తెరవలేక చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అంతర్జాతీయ పరిస్థితి ఎలా ఉందేమిటి?" అంటూ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని నీళ్ళ సీసా అందించింది. "పుక్కిలించు. కమిటీ ఇవాళ కూడా కూర్చుంటుందట. మధ్యాహ్నం నాతో వచ్చి, ఆ చట్టం కావాలని చెప్పు. నువ్వొక్కడివీ మంచివాడివైతే సరిపోదని చూశావుగా."

ఆయన బుద్ధిగా తలాడించాడు. వ్యాను ఆసుపత్రి వైపు కదిలింది. జీపులో చుక్క మిగల్లేదు. ముందుచూపు ఇంటికి నడిచి వెళ్ళాడు.