కువైట్ నుంచి వచ్చిన సందర్శనలు

కోనసీమ కొత్త జిల్లా అయిన ఏడాది, వానాకాలంలో నన్ను గణాంక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద అమలాపురం పంపేరు. హోదా ఉప గణాంక అధికారి. పని మాత్రం నా సర్వీసులో ఎన్నడూ చెయ్యనిది. ఒక పథకం కింద చిన్న వ్యాపారస్తులకి వెబ్‌సైట్లు కట్టించి ఇచ్చేరు. వాటిని ఎవరు చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో తెలిపే నివేదిక నెలనెలా వస్తుంది. దాన్ని వాళ్లకి తెలుగులో విడమర్చి చెప్పాలి. పంట దిగుబడుల లెక్కలు కట్టినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. ఆ పొగరే నా చేత తప్పు చేయించింది.

రాజోలు దగ్గర దేవదానంగారని ఒకాయన ఉండేవారు. కొబ్బరిపీచుతో తాళ్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు చేయించే షెడ్డు ఆయనది. రెండు మెషిన్లు, పనిలోకి నలుగురు ఆడవాళ్లు. భార్య సుగుణగారు కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరి అప్పటికి ఏడేళ్లు. అక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితాన్ని అకామా అంటారు. ఆవిడది ఆ నెలాఖరుతో అయిపోతోంది. మళ్లీ రెండేళ్లకి రాయించుకోవాలా, వచ్చెయ్యాలా అన్నది ఆ ఇంట్లో తేలని మాట. షెడ్డు మీద ఇల్లు గడుస్తుందంటే చాలు, వచ్చేస్తానని ఆవిడ అన్నారట.

ఇదంతా ఆయన టీ ఇస్తూ చెప్పేరు. నేను నివేదిక తెరిచి దేశాలవారీ పట్టిక చూసేను. మన దేశం తర్వాత కువైట్ ఉంది, రోజుకి ఒకటి రెండు సందర్శనల చొప్పున నెల పొడుగునా. ఇంకేం, నోరు జారేను.

"కువైట్‌లో మీ సరుక్కి గిరాకీ ఉన్నట్టుందండీ."

ఆయ్ అన్నారాయన. అంతకుమించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. గవర్నమెంటు ఆఫీసరు లెక్క చూసి చెప్పేక అడిగేదేముంటుంది అనుకుని ఉంటారు.

పది రోజుల తర్వాత, మూడో మెషిను ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని ఆయన మా ఆఫీసుకి వచ్చేరు. మాటల్లో తెలిసింది, నేను చెప్పిన సాయంత్రమే భార్యకి ఫోన్ చేసి అకామా రాయించుకోవద్దని చెప్పేసేరట. తను పనిచేసే ఇంటి మేడమ్‌తో శుక్రవారం చెప్పెయ్యడానికి ఆవిడ సిద్ధంగా ఉన్నారట. ఆ రోజు మంగళవారం.

అప్పటికి గాని నాకు వెలగలేదు. పది రోజుల కిందట నేను చూసింది సందర్శనలు అన్న కాలమ్ ఒక్కటే. పక్కనే సందర్శకులు అని ఇంకో కాలమ్ ఉంటుంది. ఒక మనిషి ముప్పైసార్లు వస్తే సందర్శనలు ముప్పై, సందర్శకుడు ఒక్కడే. కొత్తగా చేరిన గుమాస్తాకైనా తెలిసే తేడా ఇది. జీవితమంతా లెక్కల్లో బతికి, దాన్ని నేను చూడలేదు.

ఆయన్ని కూర్చోబెట్టి నివేదిక మళ్లీ తెరిచేను. కువైట్‌కి ఎదురుగా సందర్శకులు ఒకటి అని ఉంది. ఒకే ఫోను. దాదాపు ప్రతిరోజూ మన టైము ప్రకారం సాయంత్రం అయిదున్నర ప్రాంతం. ధరల పేజీకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. మొదటి పేజీలోనే నాలుగేసి నిమిషాలు ఆగింది. సైటు కొత్తగా కనబడాలంటే ఆ పేజీలో రోజుకో ఫొటో మార్చమని మేమే అందరికీ చెప్పేవాళ్లం. వీళ్లింట్లో ఆ పని ఇంటర్ చదువుతున్న కూతురు చేసేది. ఓ రోజు తాళ్ల కట్టలు, ఓ రోజు మెషిను దగ్గర నాన్న, ఓ రోజు పీచు ఆరబోస్తున్న నాయనమ్మ.

తెర ఆయన వైపు తిప్పేను. ఆయనే తెర వంక చూస్తూ, అయిదున్నరంటే అక్కడ మధ్యాహ్నం మూడని, ఆ ఇంట్లో వాళ్లందరూ పడుకునే వేళని అన్నారు. తర్వాత భార్యకి వాట్సాప్‌లో ఏదో రాసేరు. రోజూ సైటు చూస్తున్నది నువ్వేనా, ఆ టైములో ఫోనే చెయ్యొచ్చు కదా అని అడిగేరట. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన చదువుకుని ఫోను నా చేతికిచ్చేరు.

"మాట్లాడితే మేడమ్‌కి వినపడుతుంది. చూస్తే వినపడదు కదా."

ఫోను తిరిగి ఇచ్చేసేను.

"అయితే కువైట్ నుంచి గిరాకీ లేనట్టేనాండీ?" అన్నారు.

"లేనట్టేనండీ. తప్పు నాది."

ఆయన కోప్పడలేదు. నాలుగు మాటలు అనేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. శుక్రవారంలోగా సుగుణతో తనే చెప్పుకుంటానన్నారు. చెప్పేరు కూడా. ఆవిడ అకామా మళ్లీ రెండేళ్లకి రాయించుకున్నారు.

సైటు యజమాని ఇంటివాళ్ల సందర్శనల్ని లెక్కలోంచి తీసెయ్యాలన్నది ఈ పనిలో నియమం. మరుసటి నెల నివేదిక పట్టుకెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పేను. ఆయన పట్టికలో కువైట్ గడి మీద వేలు పెట్టేరు.

"రూలైతే తీసెయ్యండి. ఎన్నిసార్లు చూసిందో మాత్రం నాకు విడిగా రాసివ్వండి."

నేను రిటైరయ్యేదాకా ఆయనకి నెలనెలా రెండు కాగితాలు ఇచ్చేను. రెండోది ఆఫీసు ఫైల్లో పెట్టలేదు.

ఆ తర్వాత ఏ యజమాని దగ్గర కూర్చున్నా, పట్టిక తెరవకముందే మీవాళ్లు ఏయే దేశాల్లో ఉన్నారండీ అని అడిగేవాణ్ణి. మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ. ఆ దేశాల లెక్క పక్కన పెట్టి, మిగిలిందే చెప్పేవాణ్ణి. చాలామందికి మిగిలేది ఏమంత ఉండేది కాదు. వాళ్ల మొహాలు చిన్నబోయేవి. ఒకరిద్దరు నా మీద పైవాళ్లకి చెప్పేరు కూడా, ఈయన మమ్మల్ని నిరుత్సాహపరుస్తున్నారని. అయినా నేను పద్ధతి మార్చుకోలేదు. మనం ఉన్నదానికంటే ఒక్క అంకె ఎక్కువ చెబితే, దాన్ని నమ్ముకుని ఎక్కడో ఒకరు పని మానేస్తారు.