మూడోనాటి ఆట

మా పెద్దనాయన చనిపోయాడన్న కబురు నాకు కర్నూలులో, నేను పనిచేసే నూనె మిల్లు గేటు దగ్గర అందింది. తెచ్చింది కోడుమూరు బస్సు కండక్టరు.

"ఏమప్పా, నువ్వు ఆటల పెద్దాయన తమ్ముని కొడుకువి గదా?" అన్నాడు. "మీ పెద్దనాయన పోయినాడు. మద్దేనం. దిగువింటోళ్ళ అరుగు మీద."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతను నా ముఖం చూడలేదు. బస్సు చక్రం వైపు చూశాడు. దిగువింటివాళ్ళంటే ఎవరో మా చుట్టుపక్కల ఊర్లలో అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు మా నాయనను నరికింది ఆ ఇంటి మనిషే.

ఈ పత్రికలో నా రాతలు చదివినవాళ్ళకు ఈ రాత వింతగా ఉండవచ్చు. తోలుబొమ్మలాటలంటే, తాతల నాటి ఆచారాలంటే నేనెట్లా మండిపడతానో మీకు తెలుసు. గంజి కేంద్రాల ముందు జనం వరసకట్టిన దేశంలో తెర కట్టి దీపాలు వెలిగించడమేమిటని మీటింగుల్లో అరిచినవాణ్ణి నేను. ఆ అరుపుల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ నన్ను పెంచిన మనిషి బతుకంతా ఆటలు చూసినవాడు. ఆయన్ను గురించి రాయాలంటే ఆటల గురించి రాయక తప్పదు.

చూడడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. మధ్యలో వదిలేసిన ఆటను ఎన్నేండ్లకైనా మళ్ళీ వెతుక్కుంటూ పోయేవాడు. అందరూ బాగున్న ఆటను రెండోసారి చూస్తారు. ఈయన సగం చూసి లేచిపోయిన ఆటనే చూసేవాడు, అదీ ఆగిన చోటునుంచే. కోడుమూరులో డేరా సినిమా వచ్చినప్పుడు ఎద్దుకు జబ్బు చేసిందని ఎవరో పిలిస్తే సగంలో లేచి వచ్చాడట. మరుసటేడు అదే సినిమా మళ్ళీ వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పోయి, లోపలికి పోకుండా డేరా బయట కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, లోపలికి రావా?" అని గేటు మనిషి అడిగాడు.

"వాన వచ్చేదాకా సూసినాన్లే. వాన పడినాంక పిలువు."

"వాన యాడిదప్పా ఈ ఎండల్లో?"

"మన ఊర్లో గాదు నాయనా, నీ డేరాలో!"

గేటు మనిషి కడుపు పట్టుకుని నవ్వాడు. తెరమీద ఉరిమిన చప్పుడు వినిపించగానే పెద్దనాయన తువ్వాలు దులుపుకుని లోపలికి నడిచాడు. కూర్చుంటూనే, "ఆ యమ్మ ఇంగా ఏడుస్తానే ఉండాదా? నేను పోయినప్పుడూ ఏడుస్తాండె," అన్నాడు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి మరీ నవ్వారు.

తిరిగి చూడడం గురించి ఆయన అభిప్రాయాలు గట్టివి. పాత చోట కూర్చోకూడదనేవాడు. కుడివైపు కూర్చుని వదిలేసి ఉంటే ఎడమవైపు కూర్చోవాలి. "ఆడనే కూర్చుంటే మల్లా ఆ కోపమే వస్తాది, ఆ నిద్రే వస్తాది. ఇంగ తిరిగొచ్చి ఏం లాభము?" మధ్యలో ఏమైందో ఎవరినీ అడగకూడదు. అడిగితే చెప్పినవాడి ఆట చూస్తామట, మన ఆట కాదు. అన్ని ఆటలకూ తిరిగి పోనక్కరలేదని కూడా అనేవాడు. బాగలేక వదిలిన ఆటతో మనకు పని తీరిపోయింది. బాగుండి కూడా వదిలినామంటే, అక్కడ మనదేదో ఉండిపోయింది.

నాకు తిక్క రేగేది. "బొమ్మల్లో మనదేముంటుంది పెద్దనాయనా? జనాన్ని నిద్రపుచ్చేదానికి పెద్దోళ్ళు పెట్టిన ఆటలివి," అని నా చేతిలోని కరపత్రం ఊపేవాణ్ణి.

"దాన్ని పూర్తిగా సదివితివా?"

"సగం చదివినా. మిగిలింది తెలిసిందే."

"శానా తెలివైనోడివిరా," అని బీడీ వెలిగించుకునేవాడు.

ఆయన తిరిగి పోని ఆట ఒకే ఒక్కటి. అది మా ఊర్లోనే ఆగిపోయింది.

మా వైపు తిరిగే బొమ్మలాట మేళంవాళ్ళకు సొంత కథ ఒకటి ఉంది. అన్నదమ్ములిద్దరి కథ, మూడు నాళ్ళు ఆడతారు. రెండోనాటి చివర, నీళ్ళ తగాదాలో తమ్ముణ్ణి చంపేస్తారు. మూడోనాడు అన్న ఏం చేశాడన్నది ఆట. దీనికో కట్టుబాటుంది. చచ్చిన తమ్ముని బొమ్మను ఆట ముగిసేదాకా పెట్టెలో పెట్టరు. ముఖం గోడకు తిప్పి బయట వేలాడదీస్తారు. మూడోనాడు ఆడి, మంగళం పాడిన తరువాతే అది మిగతా బొమ్మల మధ్యకు పోవాలి. మా ఊర్లో ఇంకో వరస కూడా ఉంది. మూడోనాటి తెరకు పై గుడ్డ మా ఇంటిది, కింది గుడ్డ దిగువింటివాళ్ళది. రెండింటినీ తుమ్మముళ్ళతో కలిపి గుచ్చుతారు.

నా చిన్నప్పుడు ఆ ఆట పెట్టారు. మూడోనాటి పొద్దున, తెరకు గుచ్చే తుమ్మముళ్ళ కోసం మా నాయన ఊరి వాగుకు, మేము వంక అంటామే, అక్కడికి పోయాడు. దిగువింటాయనకూ మాకూ ఆ ఏడు కాలువ నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగి ఉంది. ముళ్ళు రాలేదు. మా నాయనను మంచం మీద మోసుకొచ్చారు. మేళంవాళ్ళు భయపడి బండి కట్టుకుని పోయారు. తమ్ముని బొమ్మను మాత్రం తీసుకుపోలేదు. పెట్టెలో పెట్టకూడదు కదా! పెద్దనాయన దాన్ని తెచ్చి, మా వంటింటి గోడకు, ముఖం లోపలికి తిప్పి తగిలించాడు.

నేను ఆ బొమ్మ వీపు చూస్తూ అన్నం తిని పెరిగాను. పొయ్యి పొగకు అది నల్లబడింది. ఎండాకాలం తోలు బిగిసి టిక్కుమనేది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చేతిలో పని ఆపేది.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఏటా వచ్చి ఒకే మాట అడిగేవాడు. "ఏం బావా, జైల్లో ఉండేటోడు లోపలుండాడు. వాళ్ళింట్లో మగోళ్ళు ఇంగ లేరా? ఎప్పుడు?"

పెద్దనాయన జవాబు కూడా ఒకటే. "మూడోనాడు ఆడనీ. ఆ అన్న ఏం జేసినాడో సూసి, నేనూ అదే జేస్తా."

"సూసేదేముంది? నరికింటాడు!"

"సూడని ఆటకు నువ్వే కత్తి ఇస్తాండావు."

మామ ఉమ్మేసి లేచిపోయేవాడు. పెద్దనాయన మాట మాత్రం ఎవరూ దాటలేదు. ఆయన ఆ మేళాన్ని వేంపల్లె దాకా వెతుక్కుంటూ పోయేవాడు, వాళ్ళతో మాట్లాడేవాడు, వాళ్ళు కొత్తగా చేసుకున్న తమ్ముని బొమ్మతో ఆడే మొదటి రెండు నాళ్ళు చూసేవాడు. మూడోనాడు పొద్దున్నే ఆ ఊరు వదిలి వచ్చేసేవాడు. "మన ఊర్లో నిలిచిపోయింది ఇంగో ఊర్లో సూస్తే అది ఇంగో ఆట," అనేవాడు. మేళం పెద్దాయన కథ చెప్పబోతే చెవులు మూసుకునేవాడట. ఊర్లో అందరికీ అదే పట్టింపు అయింది. మూడోనాటి సంగతి మా ఊర్లో ఎవరూ అడగరు, వినరు.

నా వయసుకు ఇది పిరికితనంగా తోచేది. ఒకసారి ముఖం మీదనే అన్నాను కూడా. ఆయన, "ఆట ఆగితే ఆగింది గానీ, నువ్వు పెద్దోడివైతివి గదరా," అన్నాడు. అప్పుడది జవాబులాగా అనిపించలేదు.

ఈ ఎండాకాలం దిగువింటాయన జైలునుంచి వచ్చాడు. ఊరు ఊరంతా గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. మామ మా ఇంట్లోనే మకాం పెట్టాడు. దూలంలో వేటకొడవలి దోపాడు. సరిగ్గా అప్పుడు పెద్దనాయన మేళాన్ని పిలిపించాడు. సెలవు దొరకక నేను పోలేదు. మొదటినాడు, రెండోనాడు బాగా జరిగాయట. మూడోనాడు మధ్యాహ్నం, ఎవరెంత చెప్పినా వినకుండా, ఎండలో ఒక్కడే కింది గుడ్డ అడగడానికి దిగువింటికి నడిచాడు. వాళ్ళ అరుగు మీద మజ్జిగ తాగి, అక్కడే ఒరిగిపోయాడు.

నేను ఊరు చేరేసరికి ఇంటి ముందు జనం, ఆ జనంలో ఒక్క మాటే. మజ్జిగలో ఏం కలిపినారో!

మామ నన్ను పక్కకు లాగాడు. "రెండుసార్లు, అబ్బోడా. రెండుసార్లు అదే ఆట కాడ. ఇంగ నువ్వూ సూడాలంటావా?"

నేను తల ఎత్తి చూశాను. దూలంలో కొడవలి నాకు అందే ఎత్తులోనే ఉంది.

మన్నులో పెట్టి వచ్చిన సాయంత్రం దిగువింటి ముసలమ్మ వచ్చింది. ఆ హంతకుడి తల్లి. మడతపెట్టిన పంచె ఒకటి చేతిలో పట్టుకుని మా గడప బయట నిలబడింది. పెద్దమ్మ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆయప్ప గుడ్డ అడిగేదానికి వచ్చె," అంది ముసలమ్మ. "నా కొడుకు తల ఎత్తలేదు. దాహమైతాండాది, నీళ్ళీయమ్మా అనె. నీళ్ళేం బాగుంటాయని మజ్జిగ ఇచ్చినా. అదే నేను జేసింది. ఒరిగిపోతే నా కొడుకే తల పట్టుకుని నోట్లో నీళ్ళు పోసె. నమ్మితే నమ్మండి, లేకుంటే ఈడనే నన్ను కొట్టి సంపండి. ఆయప్ప అడిగిన గుడ్డ మాత్రం తీసుకోండి."

పంచె గడప మీద పెట్టి పోయింది. "నాటకాలు!" అన్నాడు మామ. నేనూ నమ్మలేదు. నిజం రాస్తున్నాను, ఒక్క మాట కూడా నమ్మలేదు. కానీ ఇరవైమంది నా నోటి వైపు చూస్తుంటే నా నోట్లోనుంచి వచ్చింది పెద్దనాయన మాటే. "మూడోనాడు ఆడనీ. చూసి చెప్తా."

మేళం పెద్దాయన ఈసారి పారిపోలేదు. దినాలు అయ్యేదాకా చావిడిలో పడి ఉన్నాడు. దినాలు ముగిసిన పొద్దు వంకకు పోయి తుమ్మముళ్ళు నేనే తెచ్చాను. మా నాయన పడిన చోటు నాకు ఎవరూ చూపించనక్కరలేదు. వెనక ఎవరైనా వస్తున్నారా అని మెడ తిప్పకుండా ముళ్ళు కోయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు గుడ్డలూ కలిపి గుచ్చాను. గోడనుంచి బొమ్మను తీసి మేళం పెద్దాయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని మొట్టమొదట చెవి దగ్గర పెట్టుకుని, "ఎండిపోయినాడు పాపం," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఊరంతా వచ్చింది. మా వాళ్ళు ఎప్పటిలాగే కుడివైపు. దిగువింటివాళ్ళు ఎడమవైపు. నేను చిన్నప్పుడు కూర్చున్న కుడివైపుకే పోబోయి ఆగాను. పాత చోట కూర్చోకూడదు కదా! ఎడమవైపు నడిచి, దిగువింటాయన పక్కన కూర్చున్నాను. పిల్లల గోల కూడా ఆగిపోయింది. ఆయన మెడ నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. మామ తువ్వాల కింద ఏముందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆట మొదలైంది. ఆముదం దీపాల వెలుగులో అన్న కత్తి తీశాడు. కుడివైపునుంచి ఈలలు. అన్న తమ్ముని శవాన్ని భుజానికెత్తుకున్నాడు. మా గోడమీది బొమ్మ ఇన్నేండ్లకు ముఖం చూపించింది. తోలు పగిలిన చోటల్లా దీపం వెలుగు గాయాలలాగా బయటికి వచ్చింది. అన్న శత్రువు ఇంటికి పోయాడు. శవాన్ని వాళ్ళ గడప మీద పడుకోబెట్టాడు. కత్తి పక్కన పెట్టాడు. ఇంట్లోవాళ్ళను పిలిచి అడిగాడు.

"నీళ్ళీయండమ్మా. నా తమ్మునికి స్నానం పోయాల. మీరే పోయాల."

అంతే ఆట. వాళ్ళు పోశారు. మంగళం పాడారు.

నా పక్కన దిగువింటాయన తువ్వాలతో ముఖం కప్పుకుని ఉన్నాడు. నేను ఆయనతో మాట్లాడలేదు. క్షమించానని కూడా రాయను, ఆ మాట నాకింకా రాలేదు. ముసలమ్మ చెప్పింది మాత్రం నమ్మాను. కథ వినకుండా, చూడకుండా, మా పెద్దనాయన మూడోనాటి ఆటను ఎండలో నడిచిపోయి ఆడి వచ్చాడు. నీళ్ళు అడిగాడు, వాళ్ళు పోశారు. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఇది లేదు. ఆయన రుణం తీర్చలేను కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

కుడివైపు తిరిగి చూస్తే మామ చోటు ఖాళీగా ఉంది. అన్న కత్తి తీసినప్పుడే లేచిపోయాడట. తనకు కావలసింది చూసేశాననుకున్నాడు. మిగిలింది చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

బొమ్మ పెట్టెలోకి పోయింది. బండి ఊరు దాటింది. ఇంటికి వచ్చి చూస్తే వంటింట్లో, మసిపట్టిన గోడ మధ్య, అది వేలాడిన మేర తెల్లగా ఉంది. చెయ్యి ఎత్తిన మనిషి ఆకారం, తల మొదలు పాదాల దాకా. పెద్దమ్మ సున్నం పూయిద్దామంది. మామ వద్దన్నాడు. నేను కర్నూలు బస్సుకు బయలుదేరేటప్పుడు కూడా ఆయన దానికి ఎదురుగా మంచం వేసుకుని, తాను వదిలి వచ్చిన సగం ఆట అక్కడే ఆగి ఉన్నట్టు, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుని ఉన్నాడు.