మచ్చు చూడని మాట

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డలో బియ్యం కొట్టు నడిపే మా పక్కింటి అక్క ఒక్క పూటలో ఊరందరికీ నేరస్థురాలైంది. ఆమె అమ్మేవి ప్లాస్టిక్ బియ్యమట. పొద్దున ఫోన్లలోకి ఒక వీడియో వచ్చింది: బంతిలా ఎగిరే అన్నం ముద్ద, ఆస్పత్రి మంచం మీద ఒక పిల్ల. మధ్యాహ్నానికి అదే మాట టీవీ తెర అడుగున అక్షరాలై పరుగెత్తింది. సాయంత్రానికి కొట్టు ముందు జనం.

భర్త పోయాక ఆమెకూ, ఆమె బిడ్డకూ ఆ కొట్టే ఆధారం. "మూటలు రోడ్డు మీదికి లాగండప్పా, కాలిస్తే తెలుస్తాది!" అని ఒకడు అరిచాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మా తాతయ్యను మేము జేజినాయన అనేవాళ్లం. నంద్యాలలో ఏళ్ల తరబడి బియ్యం వ్యాపారం చేసిన మనిషి. మచ్చు చూడకుండా మూట కొని ఎరుగడు. మూట అడుగున ఇనుప గొట్టం గుచ్చి, గింజలు లాగి, పంటికింద వేసి చూసేవాడు. పైన పోసిన గింజ ఎప్పుడూ మంచిగానే కనిపిస్తుందనేవాడు. ఆ సాయంత్రం ఆ గొట్టం పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. నేను ఆయన పంచె వదల్లేదు.

"మీ ఇంట్లో ముద్ద ఎగిరిందా?" అని అరిచినవాణ్ణి అడిగాడు.

"ఫోన్లో చూసినా పెద్దాయనా. టీవీలో గూడా చెప్తాండారు గదా!"

టీవీకి వార్తలు పంపే అతను కెమెరాతో అక్కడే ఉన్నాడు. జేజినాయన అతనివైపు తిరిగాడు. "నువ్వు మచ్చు యాడ తీసినావప్పా?"

అతను కెమెరా కిందికి దించాడు. "అందరి ఫోన్లలో వచ్చె గదా..."

"ఆయప్ప నిన్ను నమ్మె, నువ్వు ఆయప్పను నమ్మితివి. మూటలో గొట్టం గుచ్చినోడు ఎవడు?"

జేజినాయన మూటలో గొట్టం గుచ్చి, గింజలు తాను కొరికి మింగి, మిగిలినవి అరచేతిలో ఉంచుకుని అరిచినవాడి ముందుకు చాపాడు. వాడు వెనక్కి తగ్గాడు. ఆ అరచెయ్యి నావైపు తిరిగింది. వీడియోలోని పిల్లది నా ఈడే. "పిల్లతో వద్దు నాయనా" అంది అక్క. ఆమె ముఖం చూసి గింజ కొరికాను. టక్కుమని విరిగి, పిండై నాలుకకు అంటుకుంది. అప్పుడు గింజల కోసం జనంలోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది, వెనకే ఇంకొకటి.

మూటలు కాలలేదు. కానీ టీవీ తన మాట తప్పని చెప్పలేదు. వీడియో తిరుగుతూనే ఉంది. బేరాలు మళ్లీ రావడానికి చాలాకాలం పట్టింది. అన్నాళ్లూ జేజినాయన అక్క దగ్గరే బియ్యం కొని, సంచి మూతి కట్టకుండా నడివీధిలో మోసుకొచ్చేవాడు.

పసిదాని చేత కొరికించడం న్యాయమేనా అని ఇప్పటికీ ఆయనతో మనసులో వాదిస్తాను. అయినా కాలేజీ వాదపోటీల్లో ఎవరైనా పేపరు చూపినా, ఫోను చూపినా, ఆ గింజ విరిగిన చప్పుడు కోసం చెవి ఒగ్గుతాను. అది వినపడనిదే ఏ మాటనూ నా నోట ముందుకు సాగనివ్వను.