మూలల బావ, మీగడ రంగు బటను

ఇంటిల్లిపాదీ అతన్ని మూలల బావ అంటారు. కోసుగా ఉన్న మూల కంటపడితే అతనికి అన్నం సయించదు. భోజనాల బల్ల మూలలు గరుకు కాగితంతో అరగదీశాడు. కొత్త సబ్బును సైతం నాలుగు వైపులా నునుపు చేశాకే వాడకానికి ఇస్తాడు.

ఇంత చాదస్తం వృథా పోకూడదనుకున్నాడో ఏమో, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఒక డిజైన్ సిస్టమ్ తయారుచేశాడు. అంటే వెబ్‌సైట్లకు కావలసిన బటన్లు, గడులు, రంగులు, అక్షరాలు ఒకదానికొకటి నప్పేలా కూర్చిన సామగ్రి. ఓపెన్ సోర్స్ కనుక ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఏళ్లు గడిచినా ఎవరూ తీసుకోలేదు, కాబట్టి ఎవరికీ నచ్చకపోనూ లేదు.

చివరికి బావమరిది కనికరించాడు. వీధి చివర అతనికి లాండ్రీ ఉంది. బట్టల కోసం ఇంటికి మనిషిని పంపమని అడిగే పేజీని బావ సామగ్రితోనే కట్టించుకున్నాడు. పొద్దున పేజీ తెరిచారు. మధ్యాహ్నమైనా ఒక్క ఆర్డరూ లేదు, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే అత్తగారు జవాబు చెబుతోంది.

"అవునమ్మా, ముచ్చటగా ఉంది. మా అల్లుడే చేశాడు. ఎక్కడ నొక్కాలా? అడుగున మీగడ తరకలా ఒకటుంటుంది, వెతుకు తల్లీ."

సంగతి తెలిసి బావ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమీ అనుకోకు బావా," అన్నాడు బావమరిది. "సాయంత్రానికి ఆర్డర్లు రాకపోతే పాత పేజీ పెట్టేస్తా."

బావకు అతనొక్కడే లేకలేక దొరికిన వాడకందారు. పైగా తెల్ల పేజీ మీద ఆ మీగడ రంగు కుదరడానికి ఎన్ని రంగులు కలిపాడో అతనికే తెలుసు.

"జనం కళ్ళు అలవాటు పడాలిరా. ఉండు, నేనే ఆర్డరు పెట్టి చూపిస్తా," అని ఫోను పట్టుకుని అందరికీ కనబడేలా గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. చిరునామా రాశాడు. బొటనవేలు గాలిలో ఆగిపోయింది. పేజీలోని బకెట్టు బొమ్మను నొక్కాడు. ఖాళీ జాగాను నొక్కాడు. ఫోనును ఏటవాలుగా తిప్పాడు.

"దొరికిందా అల్లుడుగారూ?"

"ఇక్కడే ఉండాలి అత్తయ్యా."

"పెట్టింది మీరేగా?"

"నేనే."

ఆవిడ లేచి, ఉతికిన దుప్పటి ఒకటి విప్పి అతని నెత్తిమీద గుడారంలా పట్టింది. ఆ నీడలో బటను కొత్తకోడలిలా బయటపడింది. నొక్కాడు. లోపల కంప్యూటరు టింగుమంది.

"ఆర్డరుకో దుప్పటి పట్టుకుని ఊరంతా తిరగలేను బావా," అన్నాడు బావమరిది.

బావ మాసిన బట్టల మూట మీద కూర్చుని, తన సామగ్రిలో బటను రంగును నీలానికి మార్చసాగాడు. అత్తగారు భుజం మీంచి తొంగిచూసింది.

"ఇంకాస్త ముదురు. ఇంకాస్త. ఆఁ, చాలు."

"మొరటుగా లేదూ?"

"మూలలు గుండ్రంగానే ఉన్నాయిగా, ఓర్చుకోండి."

పొద్దు వాలేదాకా కంప్యూటరు టింగుటింగుమంటూనే ఉంది. పాత పేజీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొదటి ఆర్డరు తాలూకు చొక్కా మర్నాడు ఇస్త్రీ అయింది. తీసుకోవడానికొచ్చిన బావ, కత్తిలా నిలబడ్డ కాలరు కొసల వంక అదేపనిగా చూస్తూ నిలబడ్డాడు.

బావమరిది మెల్లగా బల్లమీది కత్తెర తీసి సొరుగులో పెట్టి తాళం వేశాడు.