పాంతెలెయ్ బాబాయి రెండో కార్డు

కర్జలీ ఊళ్లో పాంతెలెయ్ బాబాయికి ఏ వస్తువు చూపించినా ఒకటే ప్రశ్న: "ఇది పోతే?"

ఆయన ప్యాంటుకి బెల్టూ ఉండేది, భుజాల మీంచి పట్టీలూ ఉండేవి. జేబులో రెండో కళ్లజోడు, అదీ పోతే భూతద్దం. ఓ పెళ్లిలో వరుడు ఉంగరం తీస్తుంటే ముందు వరసలోంచి "అది పోతే?" అని, జేబులోంచి కర్టెను రింగు తీసి చూపించాడు.

"నువ్వు కూర్చో పాంతెలెయ్," అన్నాడు ఫాదర్, ప్రార్థన మధ్యలో ఆపి.

ఊరి జానపద గీతాల భాండాగారంలో కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆయనే. అక్కడి అధికారి నెవెనాది ఆయన కూతురి వయసు. ఆనకట్ట కింద మునిగిపోయిన పల్లెల్లో ముసలమ్మలు పాడిన పాటలన్నీ అక్కడి సర్వర్లో ఉన్నాయి. పాత టేపులు ఏనాడో బూజు పట్టిపోయాయి.

కొత్త సర్వర్ కొనేటప్పుడు గొడవ మొదలైంది. ఒక డిస్కు చచ్చినా పాటలు పోకుండా, ఎనిమిది డిస్కులనూ ఒకదానికొకటి జతకట్టాలి. ఆ పని విడిగా కొన్న కార్డు చెయ్యాలా, కంప్యూటర్ని నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరే చెయ్యాలా?

"లినక్సుకే వదిలెయ్ అమ్మాయ్," అన్నాడు బాబాయి. "మెషీను పోయినా డిస్కులు తీసి ఇంకోదాంట్లో పెడితే చదివేస్తుంది. కార్డు కట్టిన ముడి ఆ జాతి కార్డే విప్పాలి. అది పోతే?"

"దానికి బ్యాటరీ కూడా ఉంది బాబాయ్!"

"బ్యాటరీ పోతే?"

కొనుగోళ్ల కమిటీ కూర్చుంది. అయిదుగురిలో ఒక్కడే ఎప్పుడో కంప్యూటర్ విప్పాడు, మళ్లీ బిగించలేకపోయాడు. అమ్మకందారు "ఎంటర్‌ప్రైజ్" అన్న మాట పదకొండుసార్లు వాడాడు. దాని అర్థం ఎవరికీ తెలియదు గనక ఎవరూ కాదనలేదు. పైగా లినక్సుది ఉచితం. ఊరికే వచ్చినదాన్ని చూపించి ప్రభుత్వానికి నివేదిక రాయడం ఎలా? కార్డయితే మెరుస్తుంది. నెవెనా సంతకం పెట్టేసింది.

రెండేళ్ల తర్వాత పాటలు వినే గది ప్రారంభోత్సవం. మేయరు దారిలో ఉన్నాడు. మునిగిన పల్లె నుంచి వెళ్లిపోయిన తొంభై మూడేళ్ల జ్లాటా అవ్వ, ఏనాడో పోయిన వాళ్లమ్మ గొంతు వినడానికి తలకి కొత్త రుమాలు కట్టుకుని అప్పుడే వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే సర్వర్ తనకు డిస్కులే లేవంది.

డిస్కులన్నీ బాగానే ఉన్నాయి. పోయింది కార్డు.

నెవెనా అమ్మకందారుకి ఫోన్ చేసింది. "ఆ మోడల్ ఆపేశారండీ. ఆరు వారాలు పట్టొచ్చు," అన్నాడు.

"మన కాపీ ఉందిగా బాబాయ్?"

"ఉంది. ఎక్కించడానికి మూడు రోజులు."

ఇక "నే చెప్పలేదూ!" అంటాడని నెవెనా తల దించుకుంది. ఆయన బీరువా తెరిచి, పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చాడు. విప్పితే అచ్చం అదే కార్డు.

"ఇదెక్కడిది?"

"మూతపడ్డ పొగాకు కంపెనీలో సామాను తీసేస్తుంటే తెచ్చా. అక్కడి కాపలావాడు రెండు సీసాల రకియా సారా ఇమ్మన్నాడు, ఇచ్చా."

"ఎప్పుడు?"

"నువ్వు సంతకం పెట్టిన వారమే."

"వద్దు వద్దన్న కార్డుకి మీరే జోడీ తెచ్చారా?"

"వద్దన్నది కార్డుని. నిన్ను కాదుగా. పట్టుకో ఆ స్క్రూలు."

పరాయి డిస్కులు కనబడుతున్నాయి, కలుపుకోనా అని తెర మీద అడిగింది రెండో కార్డు. బాబాయి మీట నొక్కాడు. పాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఈలోగా గుమ్మంలో మేయరు. "ఏమిటీ ఆలస్యం?"

నెవెనా నోరు తెరిచేలోగా బాబాయి ముందుకొచ్చాడు. "నాదే తప్పండీ. దుమ్ము దులుపుతూ కేబుల్ లాగేశాను."

"ఈ వయసులో కాస్త ముందుజాగ్రత్త ఉండొద్దయ్యా?" అని మేయరు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. బాబాయి బుద్ధిగా తల వంచుకుని విన్నాడు. నెవెనా నవ్వు ఆపుకోలేక రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

జ్లాటా అవ్వ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కాసేపటికి గట్టిగా అంది: "మా అమ్మ ఎప్పుడూ ఇక్కడే శ్రుతి తప్పేది! మళ్లీ వెయ్యండి."

మర్నాడు నెవెనా కమిటీకి ఉత్తరం రాసింది: పోయింది కార్డు, ఎంచుకున్నది నేను, ఇకపై ఈ పని లినక్సే చూసుకుంటుంది. అది చదివి బాబాయి ముఖం మాడ్చుకున్నాడు.

"అంత మంచి అబద్ధం చెప్పానమ్మాయ్! కనీసం వారం రోజులైనా నిలవనిచ్చావు కాదు!"