నా జుట్టు మీద నాయనమ్మ మొక్కు

ఆ రోజుల్లో దేవుడి మీద నమ్మకం పోవడమంటే మీసం రావడం లాంటిదని నా అభిప్రాయం. ఒక వయసులో మొదలవుతుంది, కాస్త దురద పెడుతుంది, అద్దంలో చూసుకుంటే గర్వంగా ఉంటుంది, నలుగురికీ కనబడితే గానీ తృప్తి ఉండదు. నాకు అది కాలేజీ వదిలిన ఏడాది, అబిడ్స్‌లో, ఆదివారం మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య జరిగింది. చుక్కల గురించి ఒకటి, కోతుల గురించి ఒకటి, మతాల గురించి అట్ట చిరిగినది ఒకటి కొనుక్కుని చదివాను. వానాకాలం మొదట్లో గుడి ముందు నుంచి పోతూ చెంపలు వేసుకున్నవాణ్ని, వానలు వెనకబట్టేసరికి అదే గుడి ముందు నుంచి తల ఎత్తుకుని నడుస్తున్నాను (చూసేవాళ్ళు ఉన్నారా లేరా అని ఓరకంట గమనిస్తూ). మిగతా రోజుల్లో అదే అబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో నా మొదటి నౌకరీ. వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివించేవాణ్ని. కింది వరుస చదవలేక తడబడేవాళ్ళను చూస్తే, లోకమంతా ఇలాగే మసగ్గా చూస్తూ బతుకుతోంది కదా అని జాలి కలిగేది. నా కళ్ళద్దాలు అప్పటికే సీసా అడుగంత మందంగా ఉన్నాయన్నది వేరే సంగతి.

ఇంతలో ఆ నౌకరీయే నా మెడకు చుట్టుకుంది. నాకు ఉద్యోగం దొరికితే గుండు చేయిస్తానని మా నాయనమ్మ ఎప్పుడో గుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. దొరికింది. వచ్చే ఆదివారం అందరం యాదగిరిగుట్టకు పోవాలని మా బాపు నిర్ణయించాడు. నుదుటి మీద అలలాగా నిలబడే జుట్టు నాది. దాని కోసం పొద్దున్నే అద్దం ముందు నేను పడే తంటాలు ఇంటిల్లిపాదికీ తెలుసు. లేని దేవుడికి ఉన్న జుట్టు ఇవ్వడమేమిటని నాకు కోపం. అయితే ఆ మాట నాయనమ్మకు చెప్పేదెలా? నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీలో పొద్దున్నే ఆమె పూజగంట విని అందరూ లేచేవాళ్ళు. నేనైతే చిన్నప్పటి అలవాటు తప్పించుకోలేక ఇప్పటికీ ఆమె పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవాణ్ని. స్టేషన్‌కు రైళ్ళు ఆలస్యంగా వచ్చేవి గానీ ఆ గంట మాత్రం ఎన్నడూ ఆలస్యం కాలేదు. పైగా ఆమెకు బీపీ. అందుకని గల్లీ చివర దవాఖానలో కాంపౌండర్‌ను, బీపీ ఉన్న పెద్దమనిషికి ఒక కష్టమైన వార్త ఎలా చెప్పాలని అడిగాను.

"ఎవరన్న పోయిన్రా?" అన్నాడాయన.

"ఒకరకంగా."

"ఎవరు?"

పేరు చెప్పలేదు. "గట్లయితె కూసోబెట్టి, నిమ్మళంగ చెప్పు. నీళ్ళు దగ్గర పెట్టుకో" అన్నాడు.

కూర్చోబెట్టడానికి నాకు తోచిన చోటు నౌబత్ పహాడ్ మీది నక్షత్రశాల. విశ్వమంతా చూపించి, ఆ ఊపులోనే విషయం చెప్పేస్తే దెబ్బ తెలియదని నా ఎత్తు. సెలవు పెట్టి, మధ్యాహ్నం ఆటలో నాయనమ్మను తీసుకుపోయాను. చుక్కలు చూపిస్తానంటే పట్టుచీర కట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే అక్కడి మనిషి, "అమ్మా, ఏస్కొని రావచ్చు" అన్నాడు. "ఆకాశంలకు చెప్పులతోనా?" అని ఆమె నన్ను అడిగింది. నేను నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని, ఔనన్నట్టు తలూపాను.

దీపాలు ఆరాయి. కుర్చీలు వెనక్కి వాలాయి. కాసేపు కటిక చీకటి, ఆ తరువాత నెత్తి మీద ఒక్కసారిగా అన్ని చుక్కలూ. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్నున్నయారా?" అంది మెల్లగా. ఇంకా చాలా ఉన్నాయన్నాను. "మరి మనింటి మీద కనవడవేంది?" అంది. వీధి దీపాల వల్ల అన్నాను. ఇప్పుడు మనం చూస్తున్న ఒక మసక చుక్కల గుంపు వెలుగు, భూమ్మీద మనిషే పుట్టని కాలంలో బయలుదేరిందని పైనుంచి ఒక గొంతు చెప్పింది. నేను ఆ సంగతి పుస్తకంలో చదివి ఉన్నాను, పరీక్ష పెడితే రాసేవాణ్ని కూడా. కానీ ఆ చీకట్లో, ముసలి చెయ్యి ఒకటి నా చేతిని పట్టుకుని ఉండగా, ఆ మాట మొదటిసారి విన్నట్టు ఒళ్ళు జల్లుమంది. నాయనమ్మ మొహం గమనిస్తూ సమయం చూసి చెప్పాలనుకున్నవాణ్ని, నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయాను. దీపాలు వెలిగాక గుర్తొచ్చింది, చెప్పాల్సింది చెప్పలేదని.

బయటికి వచ్చేసరికి అందరూ పక్కనున్న తెల్లరాతి గుడి వైపు పోతున్నారు. నాకు ధైర్యం చాలక, "గుడికి పోదామా నాయనమ్మా?" అన్నాను.

"నీకు పోవాల్నని ఉంటె పోదాం."

"నాకేం లేదు. నీకోసమే అంటున్న."

"నాకోసమైతె వద్దు" అంది.

ఇద్దరం మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాం. ఇక తప్పదని నీళ్ళ సీసా ఆమె పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, నాకు దేవుడి మీద నమ్మకం పోయిందని చెప్పాను. చెప్పి, బీపీ ఎటు పోతుందోనని ఆమె మొహంలోకి చూశాను. ఆమె సీసా మూత తీసి, రెండు గుక్కలు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నాకు గూడ పోయింది బిడ్డా" అంది.

(ఆ క్షణంలో నీళ్ళు నాకు అవసరమయ్యాయి.)

ఎప్పుడని అడిగాను. పోయిన దసరా అయిపోయినంక అంది. ఎందుకని అడిగాను. నా దగ్గరున్న కారణాలన్నీ అట్టలతో సహా కళ్ళ ముందు తిరుగుతున్నాయి. "ఎందుకేముంది. నా చిన్నబిడ్డ పోయిననాడు పోలే, మీ తాత పోయిననాడు పోలే. ఒకనాడు పొద్దుగాల దీపం ముట్టించి కండ్లు మూసుకున్న. రోజూ అవుతల ఎవరో ఇంటున్నట్టు ఉండె. ఆ రోజు లేకుండె. జలుబు చేస్తె వాసన తెల్వదు చూడు, గట్లనేమో, తగ్గుతదిలే అనుకున్న. తగ్గలే."

"మరి రోజూ గంట కొడుతున్నవు గదా?"

"నిన్ను చూసే. చిన్నప్పటి సంది నా పక్కన కూసోని మొక్కుతవు. నా మాటతోని నీ నమ్మకం చెడగొట్టొద్దని ఊకున్న."

నేను ఆమె కోసం, ఆమె నా కోసం, నెలల తరబడి పక్కపక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నామన్నమాట. నవ్వు రావాలి. వచ్చింది కూడా, కానీ కాసేపయ్యాక. ముందుగా నాకు కలిగింది భయం లాంటి ఆశ్చర్యం. ఒక్క పుస్తకమూ చదవకుండా, ఒక్కరికీ చెప్పుకోకుండా, డెబ్భై దాటిన మనిషి అంత పెద్ద ఖాళీని లోపల పెట్టుకుని, లేచి ఎసరు పెట్టి, మా అందరికీ అన్నాలు వడ్డించింది.

"అయితే గుట్టకు పోయేది లేదు గదా" అన్నాను, కొంచెం ఆశగా.

"ఎందుకు పోం? మొక్కిననాడు ఆయన ఉండె. ఉన్నప్పుడిచ్చిన మాట, లేడని ఎగ్గొడతమా?" అని, నా నుదుటి మీది జుట్టు వైపు చూసి, "గని నీ నెత్తి నేను మొక్కుడు తప్పాయె. నెత్తి నీది. నాదిస్త తియ్" అంది.

అన్నట్టే చేసింది. కొలువు చేసే పిల్లగాడికి గుండెందుకు, మొక్కింది నేనే గదా అని ఇంట్లో ఒక్క మాటతో తేల్చేసింది. ఆదివారం గుట్ట మీద, తలనీలాలు తీసేచోట పీట మీద కూర్చుని ముడి విప్పింది. తెల్లటి జుట్టు నడుము దాకా జారింది. అంత జుట్టు ఉందని నాకే తెలియదు. క్షురకుడు కూడా ఆగాడు. "అవ్వా, ఈ వయసుల ఎందుకు, మూడు కత్తెర్లిస్తె సాలు" అన్నాడు. "మొత్తం తియ్యి" అంది. ఒక్కో పాయా రాలుతుంటే ఆమె తల చిన్నదైపోతూ వచ్చింది. చెవులు బయటపడ్డాయి, మెడ మీద నేనెన్నడూ చూడని పుట్టుమచ్చ ఒకటి బయటపడింది. చుక్కల కింద ఎలా నోరు తెరుచుకుని చూశానో అలాగే చూస్తూ నిలబడ్డాను. తరువాత ఏమైందో నాకూ సరిగా తెలియదు, పక్క పీట మీద కూర్చుని తల వంచాను.

"నీకేమొచ్చిందిరా?" అంది నాయనమ్మ.

"ఒక్కదానివే కూసున్నవు గదా" అన్నాను.

ఇద్దరి గుండ్లకూ చందనం పూశారు. వరుసలో నిలబడిన ఒకావిడ మమ్మల్ని చూపించి, "చూడు, భక్తంటె గట్లుండాలె" అని కోడలికి చెప్పింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తగా మెట్లు దిగాం. బస్సెక్కాక నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వింది. బస్సు ప్రయాణం పడలేదేమోనని అమ్మ నిమ్మకాయ ఇచ్చింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు నా వయసువాళ్ళకు ఒక్కొక్కరికీ నమ్మకం పోయే ఆ ముచ్చట మొదలవుతోంది. ఒకాయనకు రిటైరయ్యాక, ఇంకొకాయనకు మనవరాలు పుట్టిన సంతోషంలో, మరొకాయనకు ఏ కారణమూ లేకుండా కాచిగూడలో బస్సు కోసం నిలబడి ఉండగా. ఈ విషయంలో నేను సీనియర్నని ఎలా తెలుస్తుందో గానీ, నా దగ్గరికొచ్చి, రాకూడని రోగమేదో వచ్చినట్టు చెవిలో చెబుతారు. ఆ రోజుల్లో అయితే నాలుగు పుస్తకాలు చేతిలో పెట్టి, ఇంకో నాలుగు వాదనలు నేర్పి పంపేవాణ్ని. ఇప్పుడు చాయ్ పెడుతున్నాను. వాళ్ళు అది తాగి, కాసేపు కిటికీలోంచి గల్లీలోకి చూసి, "మరి ఇంట్ల చెప్పాల్నంటవా?" అని అడుగుతారు. నుదుటి మీద అలలాంటి జుట్టుతో, లోకంలోని ప్రశ్నలన్నిటికీ జవాబు తెలిసినవాడు ఒకప్పుడు ఈ ఇంట్లోనే ఉండేవాడు. అతను ఉంటే బాగుండేదనిపించి, నవ్వుకుని, ఇంకో కప్పు పోస్తాను.