లక్ష్మి పటం వెనక ముసలాయన

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ప్రతి శుక్రవారం దానికే హారతి ఇచ్చాను. ఇక మోయలేక మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను.

తొంభైల్లో మాది అశోక్‌నగర్‌లో కిరాయి ఇల్లు. మామగారు నారాయణగూడలో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముందుగదిలో ఆయన ప్రాణంగా చూసుకునే బొమ్మ ఒకటి ఉండేది. మూడొందల ఏళ్ల కిందట ఎవరో డచ్చి చిత్రకారుడు రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బిచ్చగాడు. చిరుగుల కోటు, చేతికర్ర. ఎవరొచ్చినా మామగారు ఆ నిలబడ్డ తీరు చూడమనేవారు.

మా నాయన పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ. ఇల్లు కడుతుంటే పరంజా మీద నుంచి పడ్డాక ఆయనకూ చేతికర్రే. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. నాయన అప్పుడప్పుడు నన్ను చూడడానికి వచ్చేవాడు. చాయ్ మెట్ల మీదే. గోడ మీది బిచ్చగాడికి ముందుగది, మా నాయనకు మెట్లు. ఒకరోజు చుట్టాల్లో ఎవరో ఆ బొమ్మనూ మెట్ల మీది మనిషినీ మార్చి మార్చి చూసి, అచ్చం మీ వియ్యంకుడే అన్నారు. అందరూ నవ్వారు. మామగారూ నవ్వారు.

నేనూ నవ్వాను.

ఆ వారంలోనే, మామగారు ఊళ్లో లేనప్పుడు, పటాన్ని చిక్కడపల్లిలో ఫ్రేములు కట్టే దుకాణానికి తీసుకుపోయాను. ఇంట్లో బిచ్చగాడి బొమ్మ దరిద్రమని అత్తగారు ఎప్పుడూ అనేదే. అది నాకు సాకు. అక్కడ పాత బొమ్మను తీసెయ్యరు, దాని మీదే కొత్తది పెట్టి బిగిస్తారు. లక్ష్మీదేవిని బిగించమన్నాను.

"ఆ ముసలాయన ఏడమ్మా?" అని అడిగారు మామగారు, వచ్చీ రాగానే.

"చెదలు పట్టింది మామయ్యా. పారేసిన."

"మూడొందల ఏండ్లు నిలవడ్డోడు. మనింట్ల నిలువలేకపాయె."

తర్వాత ఆయన ముందుగదిలో కూర్చోవడమే మానేశారు. పోయేదాకా ఆ బొమ్మను తలుచుకుంటూనే ఉన్నారు. నాలుగు మేకులు ఊడదీస్తే చాలు, నేను తీయలేదు. పగబట్టానా? పట్టాను, కాదనను. కానీ పగంతా ఆయన మీదేనా? కర్ర పట్టుకున్న మా నాయన ఎవరి కంటా పడకూడదని కోరుకున్నది నేను కాదా? లోపలికి రా నాయనా అనడానికి నాకు నోరెందుకు రాలేదు? ఆ నవ్వు విన్న రోజు నుంచి నాయన రావడం మానేశాడు. నేనూ రమ్మనలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మామగారితో అబద్ధమాడాను, తప్పే. మా నాయనకు చేసినదానికి తప్పు అనే మాట చాలదు.

ఈ ఉదయం మేకులు ఊడదీశాను. కాగితం అంచులు పసుపెక్కాయి. ముసలాయన నిలబడే ఉన్నాడు. లక్ష్మిని వెనక్కి పెట్టి, ఆయన్ను ముందుగదిలో తగిలించాను. ఎవరని అడిగితే మా నాయన అని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.